విత్తనంలోనే కాపలా

"వదినా, పోయినేడు మన పొద్దుతిరుగుడు ఎంత బాగా పండింది! ఆ గింజలే దాచి ఈసారి వేశాం. ఇప్పుడు చూడు. మధ్య మధ్యలో మొక్కలు గిడసబారిపోయాయి."

"ఎవరి దిష్టి తగిలిందో ఏమో!"

చేల గట్ల మీద ఇలాంటి మాటలు వింటూనే ఉంటాం. కాని ఇది దిష్టి కాదు. ఇది తెగులు. దీని పేరు బూజు తెగులు. పోయినేడు రాని తెగులు ఈ ఏడు ఎందుకొచ్చింది? మనం దాచిన గింజలోనే దీనికి జవాబు ఉండవచ్చు. ఇంట్లో గింజలు ఎండబెట్టేది, ఏరేది, దాచేది మనమే కదా! అందుకే ఈ సంగతి మనకు తెలియాలి.

తెగులు ఎలా ఉంటుంది?

బూజు తెగులు సోకిన మొక్క ఎదగదు. ఆకులు పాలిపోతాయి. ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లటి బూజు కనబడుతుంది. పువ్వు వంగదు, నిటారుగా పైకి చూస్తూ ఉంటుంది. అందులో గింజలు తాలుగా ఉంటాయి. ఈ తెగులు మట్టిలో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. లేత మొక్క వేరులోంచి లోపలికి పోతుంది.

మన దేశంలో దీన్ని మొదట 1984లో చూశారు. మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో చూశారు. తర్వాత అక్కడి శాస్త్రజ్ఞులు ఈ తెగులును తట్టుకునే హైబ్రిడ్ విత్తనాలు తయారు చేశారు.

తట్టుకునే గుణం ఎక్కడిది?

పొద్దుతిరుగుడు పుట్టిల్లు ఉత్తర అమెరికా. మన దేశానికి 1969లో సోవియట్ దేశం నుంచి విత్తనాలు తెచ్చారు. అమెరికాలో ఇప్పటికీ అడవి పొద్దుతిరుగుళ్లు పెరుగుతాయి. వాటిని ఎవరూ విత్తరు. ఎవరూ మందు కొట్టరు. వాటిలో కొన్ని తెగుళ్లకు లొంగవు. శాస్త్రజ్ఞులు ఆ మొక్కల పుప్పొడిని మన పంట మొక్కలతో కలిపారు. అలా ఆ గుణాన్ని పంటలోకి తెచ్చారు.

గుణాలను మోసే వాటిని జన్యువులు అంటారు. బిడ్డకు తల్లి పోలిక, తండ్రి పోలిక వస్తాయి కదా! మొక్కకూ అంతే. ఒక్కో గుణానికి తల్లి మొక్క నుంచి ఒక జన్యువు, తండ్రి మొక్క నుంచి ఒక జన్యువు వస్తాయి. బూజు తెగులును ఆపే జన్యువు రెండింటిలో ఒకటి ఉన్నా చాలు. మొక్కకు కాపలా ఉన్నట్టే.

గింజలతో చేసి చూద్దాం

రెండు గిన్నెలు తీసుకోండి. ఒకటి తల్లి మొక్క, ఒకటి తండ్రి మొక్క. ఒక్కో గిన్నెలో ఒక చింతగింజ, ఒక అలసంద గింజ వేయండి. చింతగింజ అంటే కాపలా ఉన్న జన్యువు. అలసంద గింజ అంటే కాపలా లేని జన్యువు.

కొన్న హైబ్రిడ్ మొక్కలు చాలాసార్లు ఇలాగే ఉంటాయి. వాటికి కాపలా ఒక్క వైపు నుంచే వచ్చి ఉంటుంది. అయినా ప్రతి మొక్కలో ఒక చింతగింజ ఉంది. అందుకే మొదటి ఏడు చేను నిలిచింది.

ఇప్పుడు ఒక్కో గిన్నె నుంచి ఒక్కో గింజ తీయండి. అదే రెండో ఏటి మొక్క. నాలుగు రకాలుగా జత కుదురుతుంది.

1. చింతగింజ, చింతగింజ.
2. చింతగింజ, అలసంద.
3. అలసంద, చింతగింజ.
4. అలసంద, అలసంద.

నాలుగో దానికి కాపలా లేదు. అంటే 100 మొక్కల్లో సుమారు 25 మొక్కలకు కాపలా ఉండదు. మట్టిలో తెగులు ఉంటే వాటికి సోకుతుంది. దిగుబడి గుణాలు కూడా ఇలాగే చెదిరిపోతాయి. అందుకే హైబ్రిడ్ పంట గింజలను విత్తనానికి దాచకూడదు. నూనె ఆడించుకోవచ్చు. అమ్ముకోవచ్చు.

దొంగ వేషం మారిస్తే?

కాపలా కుక్క తెలిసిన దొంగను పసిగట్టి అరుస్తుంది. దొంగ కొత్త వేషంలో వస్తే మోసపోవచ్చు. బూజు తెగులు కూడా అలా రూపం మారుస్తుంది. అప్పుడు పాత జన్యువు పనిచేయదు. అందుకే శాస్త్రజ్ఞులు కొత్త జన్యువుల కోసం వెతుకుతూనే ఉన్నారు. ఇప్పటికి 20కి పైగా కనుక్కున్నారు. మన వంతు పని కూడా ఉంది. పొద్దుతిరుగుడు వేసిన చేలోనే మళ్లీ మళ్లీ వేయకూడదు. పంట మార్చాలి. తెగులు మొక్క కనబడితే పీకి కాల్చేయాలి.

విత్తనం ఒక్కటే చాలదు

1997లో కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర నెక్రోసిస్ అనే మరో తెగులు కనబడింది. తర్వాత మన చేలకూ వచ్చింది. ఇది వైరస్ తెగులు. దీన్ని గట్టిగా తట్టుకునే విత్తనం దొరకడం కష్టం. ఈ వైరస్ వయ్యారిభామ మొక్కలో దాక్కుంటుంది. ఆ మొక్క మాత్రం పచ్చగానే ఉంటుంది. దాని పుప్పొడితోనూ తామర పురుగులతోనూ వైరస్ మన పంటకు చేరుతుంది. కాబట్టి గట్ల మీది వయ్యారిభామను పూత రాకముందే పీకేయాలి. చేతులకు గుడ్డ చుట్టుకోండి, లేకపోతే దురద పెడుతుంది. చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న వేస్తే పురుగులకు అడ్డు.

సంచి మీద చదవండి

విత్తనం కొనేటప్పుడు మగవాళ్ల వెంట మనమూ వెళ్దాం. సంచి మీద ఏం రాసి ఉందో చదువుదాం. హైబ్రిడ్ పేరేమిటి? పరీక్ష చేసిన తేదీ ఏది? మొలక శాతం 70కి తగ్గకూడదు. ధ్రువీకరించిన విత్తనానికి నీలి రంగు చీటీ ఉంటుంది. బూజు తెగులును తట్టుకుంటుందా అని అడుగుదాం. రశీదు తీసుకుందాం. సంచినీ రశీదునూ పంట ఇంటికి వచ్చేదాకా దాచుదాం. విత్తనం చెడ్డదైతే అడగడానికి అవే మనకు సాక్ష్యం.