రాకడకై కనిపెట్టుట

క్రీస్తు మరల వచ్చునని సంఘము విశ్వసించుచున్నది. ఆ రాకడకై కనిపెట్టువారు స్థిరముగా నిలుచుట యెట్లు?

కొందరు దినమును లెక్కించిరి. అమెరికాలో విలియం మిల్లరు బోధను నమ్మినవారు 1844 అక్టోబరు 22వ తేదీకై యెదురుచూచిరి. కొందరు పైరు కోయుటయు మానిరి. ఆ దినము ఊరక గడచిపోగా అనేకుల గుండెలు పగిలెను. మరి కొందరు పని మానిరి. థెస్సలొనీకలో అట్టివారు పరుల జోలికి పోవుచుండగా, స్వహస్తములతో పని చేసికొని బ్రదుకవలెనని పౌలు హెచ్చరించెను.

అట్లయిన మెలకువ యనగా నేమి? కాసిపేట వంటి బొగ్గుగనుల సీమవారికి ఇది సులభముగా బోధపడును. గనిలోనికి దిగు కార్మికుడు ఛార్జి చేసిన టోపీ దీపమును పైననే ల్యాంపు రూములో తీసికొనును. లోపల దీపము ఆరినచో పొరుగువాని వెలుగును తన దీపములో నింపుకొనజాలడు. ఉపమానములోని కన్యకలు పదిమందియు కునికిరి. భేదమెల్ల సిద్దెలలోని నూనెయందే యున్నది. సిద్ధపాటు ముందుగా, ఎవరికి వారే చేసికొనవలసినది.

ఇట్టి స్థిరత్వమునకు తెలుగునాటనే నిదర్శనము కలదు. నెల్లూరు బాప్టిస్టు మిషనునకు చాలకాలము ఫలము స్వల్పమే. దానిని విడిచివేయుదుమా యని 1853లో అమెరికాలో చర్చ జరిగెను. లైమన్ జ్యూయెట్ మాత్రము విడువలేదు. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున ఆయనయు, భార్యయు, కొందరు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండపై ప్రార్థించిరి. 1866లో జాన్ క్లౌ ఒంగోలున స్థిరపడెను. 1876–78 కరవులో ఆయన బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంత భాగము కాంట్రాక్టు పట్టి ఆకలిగొన్నవారికి కూలి చూపెను. కూటికై మతము పుచ్చుకొందురేమో యని ఆ కాలమున బాప్తిస్మ మియ్య నిరాకరించెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

కొండపై మోకరించినవారికి ఈ తేదీ తెలియదు. తమ్ము పంపినవాడు మాట తప్పడని మాత్రము తెలియును. ఆ సంఖ్య రాకున్నను వారి ప్రార్థన వ్యర్థమై యుండెడిది కాదు. ఏలయన నిశ్చయత ఫలమును చూచి పుట్టునది కాదు.

గనికి పోయినవాడు ఇల్లు చేరువరకు కన్నులు కాయలు కాయ నెదురుచూచు కుటుంబములు మనలో నెన్నియో కలవు. తిరిగి రానివారిని తలంచి కన్నీరు కార్చు ఇండ్లును కలవు. ఆ యిండ్లలో తేదీల లెక్క ఓదార్పు నియ్యజాలదు. క్రీస్తు మృతులలోనుండి లేచెనను వార్తయే అచ్చట నిలుచును. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయమున పౌలు పునరుత్థానమును సుదీర్ఘముగా వివరించి, తుదకు కోరినది స్థిరముగా నిలిచి ప్రభువు పనిలో సాగుమనియే. కావున నేటి పనిని నేడు నమ్మకముగా చేయువాడే చక్కగా కనిపెట్టుచున్నవాడు.