రంగు నిలిచే రహస్యం

పసుపు అంటిన తెల్లచొక్కా నాలుగు ఎండలకు వెలిసిపోతుంది. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ మీది ఎరుపు మాత్రం ఏళ్లు గడిచినా నిలిచే ఉంటుంది. రెండూ మొక్కల రంగులే. మరి తేడా ఎక్కడుంది? ఈ హాస్టల్లో ఉన్నప్పుడు మాకు ఈ ప్రశ్నే తోచలేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరాక జవాబు వెతికాం.

నూలుకు చాలా రంగులు తమంతట తాము అంటుకోవు. గుడ్డకూ రంగుకూ మధ్య ఒక లంకె కావాలి. పటికలోని అల్యూమినియం ఆ లంకె. అయితే పటిక నూలుకు బాగా పట్టాలంటే ముందుగా గుడ్డకు వగరు ఎక్కించాలి. ఆ వగరునే పుస్తకాల్లో టానిన్ అంటారు. కరక్కాయలో అది పుష్కలం.

కాళహస్తి కళాకారులు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు గీసిన గీతను పక్కకు పాకనివ్వదు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు పులియబెడితే 'కసిం' తయారవుతుంది. అది గుడ్డ మీది వగరుతో కలవగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటికనీళ్లు పూసి, ఆ తరువాత గుడ్డను జాడించి, చిరివేరు వంటి ఎర్రవేళ్లతో ఉడికిస్తారు. పటిక పడిన చోటే ఎరుపు నిలుస్తుంది. మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగులు కట్టే లక్క నుంచి కూడా ఎరుపు తీస్తారు. నీలిమందుకు మాత్రం పటిక అక్కరలేదు. తొట్టిలోంచి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉన్న గుడ్డ గాలి తగిలి నీలమవుతుంది.

ఒకప్పుడు మన నెల్లూరు జిల్లాలోనూ నీలి పండించేవారు. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిని మార్కెట్లోకి తెచ్చాక దేశమంతటా ఆ సాగు దెబ్బతిన్నది.

వేసవి సెలవుల్లో మేము ముగ్గురం వింజమూరు మెట్టల్లో తంగేడు పూలు కోసుకొచ్చి, ఉడికించి, పాత నూలుగుడ్డ ముంచాం. మంచి పసుపు వచ్చింది. ఒక్క ఉతుకుతో పోయింది. మాలో ఒకరి తాత అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. "పూలొకటే చాలవబ్బయా. ముందు తంగేడు చెక్క దంచి నానబెట్టండి. తోలుకు పట్టేది గుడ్డకు పట్టదా?" అన్నాడు.

ఆయన వయసులో ఉన్నప్పుడు తోళ్లు పదును చేసేవాడు. ఆ తొట్టి వాసనకు ముక్కు మూసుకుని ఊరు దూరంగా నడిచేది. మేమూ బళ్లో ఆ పని సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. తంగేడు చెక్కలో ఉన్నది కూడా టానినే! పుస్తకంలో మేము బట్టీపట్టిన మాట ఆయన చేతుల్లో ఎప్పటినుంచో ఉంది. ఆయన చెప్పినట్టే చెక్క నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, పటిక పట్టించి, మళ్లీ పూలతో ఉడికించాం. ఈసారి రంగు కాస్త మట్టిఛాయ తిరిగింది గానీ, ఉతికినా నిలిచింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరూ చేసి చూడండి. వంద గ్రాముల నూలుగుడ్డకు పదిహేను గ్రాముల పటిక, గుడ్డకు సమాన బరువు ఎండుపూలు చాలు. స్టీలు గిన్నె వాడండి, ఇనుప గిన్నెలో రంగు నల్లబడుతుంది. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకండి. మొదలుపెట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒక మాట అడగండి. మేము ఆలస్యంగా అడిగాం.