కదలని బండి మీద ప్రయాణం

పిల్లలూ! కత్తులకు సాన పట్టేవాడు మీ వీధికి ఎప్పుడైనా వచ్చాడా? వస్తే వాడి సైకిలును జాగ్రత్తగా చూడండి. నలుగురూ కత్తిపీటలూ, కత్తెరలూ తెచ్చి ఇవ్వగానే వాడు సైకిలు దిగి స్టాండు వేస్తాడు. వెనక చక్రం నేలకు అందకుండా పైకి లేస్తుంది. ఆ తరవాత మళ్ళీ సీటు మీద ఎక్కి కూచుని తొక్కటం మొదలుపెడతాడు. చక్రం తిరుగుతుంది, పట్టీ తిరుగుతుంది, సానరాయి గిర్రున తిరిగి నిప్పురవ్వలు చిమ్ముతుంది. అరగంట తొక్కినా వాడు ఒక్క అంగుళం ముందుకు పోడు. కాని పని మాత్రం జరుగుతూనే ఉంటుంది.

కిందటేడు వానాకాలమంతా నేను కూడా మా వసారాలో సరిగ్గా ఇలాగే తొక్కాను. నా దగ్గర సానరాయి లేదు, పదును పెట్టవలసిన కత్తులూ లేవు. మరి ఎందుకు తొక్కానంటారా? చెబుతాను.

మాది అమలాపురం దగ్గర ఒక చిన్న ఊరు. ఇరవయ్యారేళ్ళపాటు ఇక్కడికి 11 కిలోమీటర్ల దూరాన ఉన్న బడికి రోజూ సైకిలు మీదే వెళ్ళి పాఠాలు చెప్పాను. ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరితోటలు. మా కోనసీమలో కొండలూ గుట్టలూ లేవు గనక సైకిలుకు ఇంతకన్న మంచి దేశం మరొకటి లేదని నా నమ్మకం. కాని కిందటేడు శివరాత్రి వెళ్ళాక నాకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని తల తిరగటం తగ్గలేదు. ఒకనాడు సైకిలు ఎక్కబోయి, ఎక్కినవాణ్ణి ఎక్కినట్టే కాలవ గట్టు మీద పడ్డాను. నీళ్ళలో పడకపోవటం నా అదృష్టం.

డాక్టరు చూసి, "మీ కాళ్ళకు ఏమీ కాలేదండి మేష్టారూ, చెడింది చెవి," అన్నాడు. చెవికీ సైకిలుకూ ఏమిటి సంబంధం? మన లోచెవిలో అర్ధచంద్రాకారంగా వంగిన మూడు సన్నని గొట్టాలు ఉన్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. మనం తల తిప్పితే గొట్టాలు తిరుగుతాయి, లోపలి ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాను బట్టి తల ఎటు తిరిగిందో మెదడుకు తెలుస్తుంది. ఆ ఏర్పాటు చెడితే కదలకుండా నిలబడ్డవాడికి కూడా లోకం గిర్రున తిరుగుతున్నట్టు ఉంటుంది. ఇక రెండుచక్రాల బండి మీద నిలదొక్కుకోవటం ఎలాగ?

"వ్యాయామం మాత్రం మానకండి, లేకపోతే కాళ్ళు కూడా పోతాయి," అని డాక్టరు చెప్పాడు. సరిగ్గా అప్పుడే మా పాత బడి విద్యార్థులు వచ్చి, ఆగస్టు 15న జెండా పండుగకు నన్ను రమ్మని పిలిచారు. నేనేమో ఆలోచించకుండా, "ఎప్పటిలాగే సైకిలు మీదే వస్తాను," అనేశాను. మా ఇంటావిడ లోపలినుంచి ఈ మాట విని గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించింది.

రెండు చక్రాలు పనికిరాకపోతే మూడు చక్రాలు ఉన్నాయి గదా! అయితే నేను కట్టించుకున్నది మీరు బజారులో చూసే మూడుచక్రాల బండి కాదు. దాన్ని రికంబెంట్ ట్రైక్ అంటారు. మా వీధి పిల్లలు దానికి 'పడక కుర్చీ బండి' అని పేరు పెట్టారు. నాకు ఆ పేరే నచ్చింది. ముందు రెండు చిన్న చక్రాలు, వెనక ఒక పెద్ద చక్రం. మధ్య నేలకు జానెడెత్తున పడక కుర్చీలాంటి సీటు. అందులో వెనక్కి వాలి, కాళ్ళు ముందుకు చాచి తొక్కాలి. పెడళ్ళు ముందు ఎక్కడో ఉంటాయి గనక చైను చాలా పొడుగు. మామూలు సైకిలు చైన్లు రెండున్నర అతికిస్తేనే చాలింది. అమలాపురంలో ఒక సైకిలు మెకానిక్కు పాత గేరు సైకిలు ఒకటీ, పిల్లల సైకిలు చక్రాలు రెండూ, కాసిని ఇనుప గొట్టాలూ కలిపి దీన్ని తయారుచేశాడు. వెల్డింగు చేస్తున్నంతసేపూ, "పడుకుని తొక్కటం ఏమిటండీ!" అని నవ్వుతూనే ఉన్నాడు.

పడుకుని తొక్కటం కొత్త సంగతి కాదు సుమా! ఫ్రాన్సు దేశంలో షార్ల్ మోషె అనే ఆయన ఇటువంటి సైకిలు తయారుచేశాడు. అది రెండుచక్రాలదే. 1933 జూలై 7న పారిస్‌లో ఫ్రాంసిస్ ఫోర్ అనే పందెగాడు దాని మీద ఒక్క గంటలో 45 కిలోమీటర్ల 55 మీటర్లు తొక్కాడు. అంతవరకూ ఉన్న రికార్డు 44 కిలోమీటర్ల 247 మీటర్లు. అది 1914 నుంచీ ఎవరికీ అందలేదు. ఫోర్ మొదటి వరస పందెగాడేమీ కాదు. అతడికి సాయపడినది గాలి. వాలి పడుకున్నవాడి ఛాతీ గాలికి అడ్డం నిలవదు, అంచేత గాలి అతణ్ణి తక్కువగా వెనక్కి నెడుతుంది. కాని 1934లో సైకిలు పందాల అంతర్జాతీయ సంఘంవారు, 'మామూలు సైకిలు అంటే ఇలా ఉండాలి' అని కొలతలు పెట్టి, ఈ పడక సైకిలును మామూలు పందాలలోనుంచి వెళ్ళగొట్టారు. నా వరకు నాకు అది న్యాయంగా తోచదు. పందెంలో ఓడిన బండిని ఎవరూ నిషేధించరు, చూశారా!

బండి మే నెలాఖరుకు తయారైంది. కాని జూన్‌లో వానలు మొదలైనాయి. ఆ తరవాత జూలైలో గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. మా ప్రాంతంలో ముసురు పట్టిందంటే వారం రోజులు వదలదు. నేలకు జానెడెత్తున కూచున్నవాడు ఆ బురదలో ఎక్కడికి పోతాడు? అప్పుడు మా మనవడు ఇండోర్ ట్రెయినర్ అనే సాధనం తెప్పించాడు.

అది చూడటానికి ఇనుప పీటలా ఉంటుంది. వెనక చక్రం ఇరుసును రెండు పక్కలా రెండు గిన్నెలు బిగించి పట్టుకుంటాయి. చక్రం నేలకు తగలకుండా ఒక చిన్న రోలరు మీద ఆనుతుంది. మనం తొక్కితే చక్రం రోలరును తిప్పుతుంది. రోలరు ఊరికే తిరిగితే మనకు శ్రమ ఏముంది? అందుకని దానికి ఒక అల్యూమినియం పళ్ళెం తగిలించి, పళ్ళెం పక్కన అయస్కాంతాలు పెట్టారు. అల్యూమినియాన్ని అయస్కాంతం ఆకర్షించదు గదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని అయస్కాంతం ఎదట ఆ పళ్ళెం తిరిగితే అందులో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. ఆ సుడులు తమను పుట్టించిన కదలికనే ఎదిరిస్తాయి. ఎంత జోరుగా తిప్పితే అంత గట్టిగా ఎదురుతిరుగుతాయి. పాత కరెంటు మీటర్లలో ఒక పళ్ళెం తిరుగుతూ ఉండేది, మీ అమ్మానాన్నలను అడగండి. దాన్ని అదుపులో ఉంచినది కూడా ఇటువంటి అయస్కాంతమే. మీ బడిలో గట్టి అయస్కాంతం ఉంటే దాన్ని ఒక అల్యూమినియం గొట్టంలో పైనుంచి జారవిడవండి. రాయి పడినట్టు పడదు; నూనెలో పడ్డట్టు మెల్లగా దిగుతుంది.

మామూలు సైకిలును ట్రెయినర్ మీద పెడితే దాన్ని పడకుండా నిలబెట్టే పని కూడా ట్రెయినరుదే. నా బండి తన కాళ్ళ మీద తానే నిలుస్తుంది, కాబట్టి ఆ బాధ లేదు. ఉన్న బాధ వేరు. వెనక చక్రం పైకి లేచేసరికి బండి ముందుకు వాలింది. కుర్చీలోనుంచి జారిపోతున్నట్టు ఉన్నది. ముందు చక్రాల కింద చెక్కపలకలు వేస్తే సరిపోయింది. అసలు నా బండికి వెనక చక్రం మామూలు 26 అంగుళాలది కావటం మంచిదైంది. కొన్ని ట్రైకులకు మూడూ 20 అంగుళాల చక్రాలే ఉంటాయి. పెద్ద చక్రానికి చేసిన ట్రెయినరులో చిన్న చక్రం పెడితే అది రోలరుకు అందకపోవచ్చు.

ఇక నా మొదటి రోజు ప్రయాణం చెప్పాలి. మనవడు బడినుంచి రాకముందే నేనొక్కణ్ణే బిగించుకుని కూచున్నాను. ఒక పక్క గిన్నె సరిగా పట్టలేదు. ముందు చక్రాల బ్రేకులు కట్టటం అసలే మరిచాను. రెండు నిమిషాలు హుషారుగా తొక్కానో లేదో, ఇరుసు గిన్నెలోనుంచి ఊడి, గిర్రున తిరుగుతున్న చక్రం నేలను తాకింది. బండి ఒక్క దూకు దూకి, వసారా చివర దింపులవాళ్ళు పోసి వెళ్ళిన కొబ్బరికాయల రాశిలోకి దూసుకుపోయింది! ఏడెనిమిది కాయలు దొర్లి వీధిలోకి పోయాయి. దెబ్బ తగలలేదు. కాని అప్పటినుంచీ ఒక నియమం పెట్టుకున్నాను: రెండు బ్రేకులూ గుడ్డపీలికతో కట్టిన తరవాత, ఇరుసును చేత్తో ఊపి చూసిన తరవాతనే పెడలు మీద కాలు. అన్నట్టు, చక్రం తిరుగుతున్నప్పుడు పుల్లల దగ్గరికి గాని, చైను దగ్గరికి గాని మీరెవరూ వేలు పోనివ్వకూడదు. మా వసారాలో ముగ్గుతో గీత గీసి, చిన్నపిల్లలు ఆ గీత దాటరాదని చెప్పాను.

నేను ఊహించని కష్టం మరొకటి వచ్చింది. అది ఉక్క. మన ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో రమారమి నాలుగో వంతు మాత్రమే పెడలుకు చేరుతుంది. తక్కిన మూడు వంతులూ వేడిగా మారుతాయి. నేను 60 వాట్ల పని చేస్తే నా ఒంట్లో 180 వాట్ల వేడి పుడుతుందన్నమాట. మూడు 60 వాట్ల పాత బల్బులు కడుపులో వెలిగించుకున్నట్టు! రోడ్డు మీద అయితే మన వేగమే మనకు గాలి విసురుతుంది. కదలని బండికి గాలి ఎక్కడిది? పైగా మా సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. అంచేత తెల్లవారుజామునే, ఎదురుగా ఫ్యాను పెట్టుకుని, పక్కన ఉప్పు వేసిన మజ్జిగ చెంబు ఉంచుకుని తొక్కేవాణ్ణి. మొదటి వారం పది నిమిషాలే. ఆ తరవాత ఇరవై.

పడక కుర్చీలో మరొక తేడా ఉన్నది. సైకిలు మీద ఎత్తు వస్తే మీరు లేచి నిలబడి, ఒంటి బరువంతా పెడలు మీద వేస్తారు. ఇందులో లేవటానికి వీల్లేదు. వీపును కుర్చీకి అదిమి నెట్టవలసిందే. బరువు గేరులో బలంగా నెడితే మోకాళ్ళు మొరాయిస్తాయి. తేలిక గేరులో నిమిషానికి అరవైసార్లు గుండ్రంగా తిప్పటం మేలు. పెడలు అందినంత దూరం వెళ్ళినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాళ్ళు ఎత్తున ఉండటం వల్ల మొదట్లో వేళ్ళు తిమ్మిరెక్కేవి; మధ్య మధ్య ఆగి కాళ్ళు దించి విదిలించుకుంటే పోయేది.

రోజూ కదలకుండా తొక్కితే ఎవరికైనా విసుగే గదా! 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడలో కూడా కదలని సైకిళ్ళు ఉండేవి. తొక్కినవాళ్ళు ఎంతదూరం 'వెళ్ళారో' గోడ మీద ఒక పెద్ద పలకలో ముల్లు చూపించేది. మాకు అంత పలక ఎక్కడిది? మా మనవడు గోడ మీద గోదావరి జిల్లాల పటం అతికించి, నా చేత లెక్క చేయించాడు. మీరూ చేయండి: ముందు పళ్ళచక్రానికి 36 పళ్ళు, వెనకదానికి 18. పెడలు ఒకసారి తిరిగితే చక్రం రెండుసార్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2 మీటర్ల 7 సెంటీమీటర్లు. నిమిషానికి 60 తొక్కుళ్ళ చొప్పున 20 నిమిషాలకు ఎంత? సుమారు 5 కిలోమీటర్లు!

అలా అంబాజీపేట దాటాను, కొత్తపేట దాటాను, రావులపాలెంలో ఒక రోజు ఆగాను (ఆరోజు కరెంటు లేదు, ఫ్యాను లేదు). పాలు పోసే కుర్రవాడు రోజూ గుమ్మంలో ఆగి, "ఎక్కడిదాకా వెళ్ళారండి మేష్టారూ?" అని అడిగేవాడు. రాజమహేంద్రవరం చేరాననగానే, "అయితే వచ్చేటప్పుడు పూతరేకులు పట్టుకురండి, దారిలో ఆత్రేయపురం తగులుద్దిగా!" అన్నాడు.

ఆగస్టు 15 ఉదయానికి వాన వెలిసింది. బండి వెనక ఒక వెదురుబద్ద కట్టి దాని చివర పసుపుపచ్చ గుడ్డ తగిలించాము. ఇంత కిందుగా ఉన్న బండి లారీవాడికి కనబడదు గదా. మనవడు తన సైకిలు మీద వెనకాలే వచ్చాడు. బయలుదేరిన కాసేపటికే వసారాలో నేర్చుకోనివి రెండు ఉన్నాయని తెలిసింది. మొదటిది మలుపు. ట్రెయినర్ మీద ఎప్పుడూ హ్యాండిలు తిప్పలేదు. ఒక మలుపులో వేగంగా తిప్పేసరికి లోపలివైపు చక్రం నేల వదిలి లేచింది. మూడు చక్రాలున్నా పడవచ్చునన్నమాట. రెండోది ఎదురుగాలి. కాలవ గట్టు మీద సముద్రపు గాలి కొడుతూంటే, రోలరు మీద 20 నిమిషాల దూరానికి అరగంట పైగా పట్టింది. కాళ్ళు మాత్రం ఎక్కడా మొరాయించలేదు. తల తిరిగినా నేను పడలేదు. బండి ఆపి, కళ్ళు మూసుకుని, ఆ కుర్చీలోనే కాసేపు వాలి ఉండి, మళ్ళీ తొక్కాను.

బడి చేరేసరికి జెండా ఎగరేయటం అయిపోయింది. పిల్లలు చాక్లెట్లు పంచుకుంటున్నారు. నా బండిని చూడగానే వరసలు చెదిరిపోయాయి. నడిచేటప్పుడు పడిపోతుందని ఎప్పుడూ గోడ పట్టుకుని నడిచే ఒక ఆరో తరగతి పాప అందరి వెనకా నిలబడి ఉన్నది. టీచరు అనుమతి అడిగి ఆ పాపను కూచోబెట్టాము. కాళ్ళు పెడళ్ళకు అందలేదు. "సీటు ముందుకు జరపొచ్చాండీ?" అని అడిగింది. నా బండి సీటు వెల్డింగు చేసినది, జరగదు. మర్నాడే మెకానిక్కు దగ్గరికి వెళ్ళి, జరిగే సీటుకు ఎంతవుతుందో అడిగాను. వాడు ఈసారి నవ్వలేదు. పాప కాళ్ళ కొలత తెమ్మన్నాడు.

తిరుగు ప్రయాణం సంగతి అడుగుతారేమో. బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి తెచ్చుకున్నాము. మనవడు ఇదేమీ పటం మీద గుర్తు పెట్టనివ్వలేదు.