గెలిచినవాడు దొంగేనా?

ఎవరైనా ఒకసారి గెలిస్తే చప్పట్లు కొడతాం. రెండోసారి గెలిస్తే ఆశ్చర్యపోతాం. ప్రతిసారీ వాడే గెలుస్తూ ఉంటే మాత్రం మెల్లిగా అనుమానం పుడుతుంది. "ఏదో ఉందండీ, లేకపోతే ఎలా సాధ్యం?" అంటాం. ఇది ఈనాటి గుణం కాదు. పల్నాటిలో నాగమ్మ కోడి గెలిచింది. మాచర్లవారు ఊరు వదలి ఏడేండ్లు వలసపోయారు. ఇది జరిగి ఎనిమిది వందల ఏళ్ళు దాటినా, ఆ పందెం సక్రమంగానే జరిగిందని ఒప్పుకునే తెలుగువాడు నాకింతవరకు కనపడలేదు. ఇహ ధర్మరాజు ఓడిన జూదం సంగతి సరేసరి. ఓడినవాడి మీద జాలి, గెలిచినవాడి మీద అనుమానంగా మారటం మనకు అలవాటే. ఒక్కొక్కప్పుడు ఆ అనుమానం నిజమై కూర్చుంటుంది కూడాను. చిక్కంతా అక్కడే ఉంది.

2025 జూలై నెల పొడుగునా, గుడిమల్కాపూర్ లో మేముంటున్న మేడమెట్ల మీద ఇదే వాదం. వాదానికి కారణం కోడీ కాదు, పాచికలూ కావు; సైకిలు. వాది మా మేనల్లుడు. పదిహేడేళ్ళవాడు. మా ఇంట్లో ఉండి ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. పూలమండీకి బంతీ చామంతీ దిగే వేళకే లేచి, సైకిలు భుజాన వేసుకుని మెట్లు దిగిపోతాడు. అవుటర్ రింగురోడ్డు పక్కన 2023లో తెరిచిన, సౌరఫలకాల కప్పువేసిన ఇరవైమూడు కిలోమీటర్ల సైకిలు దారి ఉందే, అదే వాడికి గుడీ బడీ. ప్రతివాది మా పై వాటా పెద్దాయన. మందుల కంపెనీలో పనిచేసి రిటైరైనవారు. నడుమ తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నేను, మధ్యవర్తిని.

పాఠకులలో సైకిలు పందాల సంగతి తెలియనివారుంటారు గనుక రెండు ముక్కలు మనవి చేస్తాను. ఫ్రాన్సులో 1903లో ఒక వార్తాపత్రికవారు తమ అమ్మకాలు పెంచుకోవటానికి దేశం చుట్టూ ఒక పందెం పెట్టారు. అదే టూర్ ద ఫ్రాన్స్. ఇప్పుడది ఇరవైమూడు రోజుల పందెం. అందులో రెండు రోజులు విశ్రాంతి. దూరం దాదాపు మూడువేల మూడువందల కిలోమీటర్లు. అంటే హైదరాబాదునుంచి ఢిల్లీకి వెళ్ళి తిరిగి వచ్చినదానికన్న ఎక్కువే. నడుమ ఆల్ప్సు, పిరనీసు కొండలు ఎక్కాలి. అన్ని రోజుల కాలం కూడగా ఎవరిది తక్కువైతే వారిది పసుపు చొక్కా.

ఆ పసుపు చొక్కాను 2020, 2021, 2024, 2025 సంవత్సరాలలో తొడుక్కున్నవాడు తదేయ్ పొగాచర్. స్లొవీనియా అనే చిన్న దేశంవాడు. 1998లో పుట్టాడు. మొదటిసారి గెలిచినప్పుడు ఇరవైరెండు నిండటానికి ఇంకా ఒక రోజుంది. 2024లో ఇటలీ పందెం, ఫ్రాన్సు పందెం, ప్రపంచ ఛాంపియను పదవి, మూడూ ఒకే ఏడాదిలో గెలిచాడు. మగవారిలో అంతకుముందు ఆ పని చేసినవారు ఇద్దరే: 1974లో ఎడ్డీ మెర్క్స్, 1987లో స్టీఫెన్ రోచ్. 2025లో రెండో స్థానంలో వచ్చినవాడికి నాలుగు నిముషాల ఇరవైనాలుగు సెకండ్లు ముందున్నాడు. క్రికెట్టు భాషలో చెప్పాలంటే ఇన్నింగ్సు తేడాతో గెలవటమన్నమాట.

"చూశారా బాబాయిగారూ, కొండమీద నవ్వుతూ వెళ్ళిపోయాడు!" అంటాడు మావాడు.

"అదేనయ్యా నా బాధ. మిగతావాళ్ళు నాలుకలు బయటపెట్టి ఏడుస్తూ ఎక్కుతుంటే వాడు నవ్వుతాడేమిటి?" అంటారు పెద్దాయన.

ఆయనది ఉత్త అసూయ అనుకోకండి. లెక్కలు చెబుతారు. పిరనీసులో ప్లాతో ద బెయ్ అని దాదాపు పదహారు కిలోమీటర్ల ఎక్కుడు ఉంది. 1998లో దానిని పంతాని అనే ఇటలీవాడు ఎక్కిన వేగం పాతికేళ్ళకు పైగా చెక్కుచెదరలేదు. ఆ కాలం మందుల కాలం. పంతానినే మరుసటి సంవత్సరం, రక్తంలో ఎర్రకణాల పాలు హద్దుమీరినందున, ఇటలీ పందెంనుంచి పంపివేశారు. అటువంటివాడి రికార్డును పొగాచర్ 2024లో మూడున్నర నిముషాల తేడాతో బద్దలు కొట్టాడు. "మందు తిన్నవాడికన్న తిననివాడు అంత వేగంగా ఎలా ఎక్కుతాడు?" అన్నది పెద్దాయన ప్రశ్న. పొగాచర్ జట్టుకు పెద్దగా ఉన్న మౌరో జనెత్తి పూర్వం నడిపిన మరొక జట్టులో 2008లో ఒక ఆటగాడు దొరికిపోయాడన్నది రెండో ప్రశ్న. మూడోది బొగ్గువాయువు సంగతి. రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తి ఎంత ఉందో కొలవటానికి కార్బన్ మోనాక్సైడును కొద్దిగా పీల్పించే పరీక్ష ఒకటుంది. కొన్ని జట్లు దానిని వాడుతున్నాయని 2024లో బయటపడింది. పొగాచర్ ను అడిగితే మొదట ఆ సంగతే అర్థం కానట్టు మాట్లాడి, తరువాత పరీక్ష చేసుకున్నమాట నిజమేనన్నాడు. ఆనాటికి అది నిషిద్ధం కాదు. 2025 ఫిబ్రవరినుంచి ఆస్పత్రుల వెలుపల ఆ సరంజామా ఉంచుకోరాదని అంతర్జాతీయ సైకిలు సంఘంవారు కట్టడి చేశారు.

మావాడూ తక్కువవాడేం కాదు. "ఆ రోజున పంతాని రికార్డు బద్దలుకొట్టింది పొగాచర్ ఒక్కడేనా? రెండో స్థానం వింగెగార్డు కూడా కొట్టాడు. సైకిళ్ళు మారాయి, టైర్లు మారాయి. అప్పట్లో పందెంలో ఏదో కాస్త కొరుక్కుని వెళ్ళేవారు. ఇప్పుడు గంటకు నూరు, నూటయిరవై గ్రాముల పిండిపదార్థం తాగుతూ తొక్కుతారు. ఇన్నేళ్ళలో ఒక్క పరీక్షలోనూ పట్టుబడలేదు. ఒకడెవడో దొంగతనం చేశాడని వీధి వీధంతా ఠాణాకు పంపుతారా?" అంటాడు. ఈ మాటలలో అబద్ధం ఒక్కటీ లేదు. పెద్దాయన చెప్పినవాటిలోనూ లేదు. మధ్యవర్తికి ఇంతకన్న ఇబ్బంది ఏముంటుంది?

అసలు ఈ ఆటకు ఆ మచ్చ పుట్టుకతోనే ఉంది. రెండో ఏడు 1904లోనే, మొదటి నలుగురినీ మోసం చేశారని తొలగించారు. 1924లో పెలిసియే సోదరులు పందెం మధ్యలో మానివేసి, ఆల్బేర్ లోంద్ర అనే విలేకరి ముందు తమ సంచులు విప్పి చూపించారు: కళ్ళకు కొకెయిను, చిగుళ్ళకు క్లోరోఫారము, ఆపైన మాత్రలు. 1967 జూలై 13న టామ్ సింప్సన్ అనే ఇంగ్లీషువాడు మోఁ వాంతూ కొండమీద ఎండలో కూలి చనిపోయాడు. ఇరవైతొమ్మిదేళ్ళు. అతని చొక్కా జేబులో ఉత్తేజకపు మాత్రల గొట్టాలు దొరికాయి. 1998లో ఒక జట్టువారి కారును సరిహద్దులో ఆపి చూస్తే లోపల మందుల దుకాణమే కనబడింది. అందులో ముఖ్యమైనది ఇ.పి.ఓ. మన మూత్రపిండాలే తయారుచేసే పదార్థమది. ఎర్రకణాలు పుట్టించమని ఎముకల మజ్జకు ఆజ్ఞ ఇస్తుంది. దానిని సూదితో ఎక్కించుకుంటే కణాలు పెరిగి దమ్ము పెరుగుతుంది. రక్తం చిక్కబడి గుండెకు ముప్పూ పెరుగుతుంది. 2000 దాకా దానిని పట్టే పరీక్షే లేదు.

ఇటువంటి చరిత్రలోకి 1999లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చాడు. కాన్సరును జయించి, వరసగా ఏడుసార్లు ఫ్రాన్సు పందెం గెలిచాడు. అనుమానించినవారిని కోర్టులకు ఈడ్చాడు. లండనులో ఒక పెద్ద పత్రిక 2006లో ఆయనకు డబ్బు చెల్లించి రాజీపడవలసివచ్చింది. వందల పరీక్షలలో నెగ్గానని ఆయన వాదన. 2012లో అమెరికా విచారణ సంస్థ, ఆయన జట్టువారి చేతనే ప్రమాణం చేయించి సాక్ష్యం పలికించింది. ఏడు బిరుదులూ పోయాయి. 2013 జనవరిలో ఆయనే టెలివిజనులో ఒప్పుకున్నాడు. ఆ ఏడేళ్ళకూ విజేత పేరు ఖాళీగానే ఉంచారు. రెండోవాడికి ఇద్దామంటే వాడి చేతులు శుభ్రమని పూచీ పడేవారేరీ?

ఇది చెబుతున్నప్పుడు పెద్దాయన గొంతు ఎప్పుడూ కాస్త తగ్గేది. కారణం ఒకనాడు చెప్పారు. ఆయన తమ్ముడికి 2005లో కాన్సరు వచ్చిందట. ఆర్మ్‌స్ట్రాంగ్ తన జబ్బు గురించి రాసిన పుస్తకం తెచ్చి మంచం పక్కన కూర్చుని చదివి వినిపించేవారట. ఆర్మ్‌స్ట్రాంగ్ పేరిట అమ్మిన పసుపుపచ్చ రబ్బరు గాజులుండేవి చూడండి, అన్నదమ్ములిద్దరూ అవి వేసుకున్నారు. తమ్ముడు 2007లో పోయాడు. ఈయన మాత్రం ఆ గాజు తీయలేదు.

"ఆరేళ్ళు ఉంచుకున్నానయ్యా. టీవీలో వాడి ఒప్పుకోలు విన్న రాత్రి కత్తెర పెట్టి కత్తిరించాను. వాడు పోయాక తెలిసింది, అదే నయం. పాముకాటు తిన్నవాడికి తాడు చూసినా భయమే. మీవాడు ఆ పొగాచర్ ని చూసి మురిసిపోతుంటే నాకు మా తమ్ముడే కనపడతాడు" అన్నారు.

మావాడు ఆ రోజు ఎదురు చెప్పలేదు. మర్నాడు మాత్రం నన్నడిగాడు: "మామయ్యా, సీతమ్మ నిప్పులో దూకి వచ్చింది. అయినా లోకం నోరు మూతపడలేదు. పరీక్షలు నెగ్గినా నమ్మకపోతే పొగాచర్ ఇంకేం చెయ్యాలి?"

నా చదువుకు తగిన ప్రశ్నే గనుక ఆలోచించాను. అగ్నిహోత్రుడు సర్వసాక్షి. ప్రయోగశాల అటువంటిది కాదు; వెతకమన్నదానినే వెతుకుతుంది. అంచేత పరీక్షలో నెగ్గటం నిర్దోషిత్వానికి పూర్తి రుజువు కాదు. అలాగని వేగంగా తొక్కటం నేరానికి రుజువూ కాదు. ఇది తెలిసే అధికారులు ఇప్పుడు పద్ధతి మార్చారు. 2008నుంచి ప్రతి ఆటగాడి రక్తపు లెక్కలు ఏళ్ళ తరబడి ఒకే ఖాతాలో రాస్తున్నారు. మందు దొరకకపోయినా, దాని వలన రక్తంలో వచ్చిన మార్పు అందులో కనబడవచ్చు. కొన్ని నమూనాలను పదేళ్ళదాకా భద్రపరచి, కొత్త పరీక్ష కనిపెట్టినప్పుడు మళ్ళీ తీసి చూస్తారు.

ఈ సంగతి చెబుతుంటే ఎదురింటాయన, పూలమండీలో కమీషను వ్యాపారం చేస్తారు, నవ్వి అన్నారు: "గది మాకు ఎర్కనే సారూ. మొదటి దినం అన్ని పూలు తాజాగనే కనవడ్తయి. నీళ్ళు జల్లినా కనవడ్తయి, జల్లకున్నా కనవడ్తయి. రెండోనాడు పొద్దుగూకినంక చూడాలె. ఏ పూవుల దమ్మున్నదో అప్పుడు తెలుస్తది."

ఇంత వాదం జరిగినా, మా ఇంటికి సంబంధించిన సంగతి వేరే ఉన్నదని ఆ నెలాఖరులో తెలిసింది. మావాడి పుస్తకాల వెనుక ఒక పొడి డబ్బా కనబడింది. వ్యాయామశాలలో ఎవరో ఇచ్చారట, దమ్ము పెరుగుతుందన్నారట. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చీటీ అంతా చదివారు. సగం పదార్థాలకు పాళ్ళు లేవు. ఒకదానికి పేరే లేదు, 'ప్రత్యేక మిశ్రమం' అని ఉంది. "నలభై ఏళ్ళు మందుల మధ్య బతికినవాణ్ణి. ఇందులో ఏముందో నాకే తెలియటం లేదు. నీకెలా తెలిసిందిరా?" అన్నారు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

ఆటల చట్టంలో, శరీరంలో దొరికినదానికి బాధ్యత ఆటగాడిదే. తెలియక తిన్నానంటే శిక్ష తగ్గితే తగ్గవచ్చు. గెలిచిన పతకం మాత్రం చాలా సందర్భాలలో దక్కదు. పెద్ద మందులకు నాలుగేళ్ళ బహిష్కారం. పదిహేడేళ్ళవాడికి నాలుగేళ్ళంటే ఆట పూర్తిగా పోవటమే. ఇదేదో యూరపు గొడవ అనుకోవటానికీ వీలు లేదు. 2023లో మన దేశంలో పరీక్షించిన 5,606 నమూనాలలో 3.8 శాతం నిషిద్ధ పదార్థాలు బయటపడ్డాయి. అంత పెద్ద ఎత్తున పరీక్షలు జరిపిన దేశాలలో మనదే అగ్రస్థానం. అదే ఏడాది ఢిల్లీ రాష్ట్ర పోటీలలో, పరీక్షలవారు వచ్చారని తెలిసి, మగవారి నూరు మీటర్ల ఫైనలులో ఒక్కడే పరుగెత్తాడు. తక్కినవారు అంతర్ధానమయ్యారు. ఆ ఒక్కడూ ఎవరితో పోటీపడి గెలిచినట్టు?

డబ్బా కథ ఎలా ముగిసిందంటే, మావాడే తీసుకువెళ్ళి చెత్తబుట్టలో పోసి వచ్చాడు. ఇప్పుడు వాడి వెనుక జేబులో అరటిపండ్లు, మా ఇంట్లో చేసిన బెల్లపుటుండలు ఉంటున్నాయి. పొగాచర్ బొమ్మ మాత్రం గోడమీదనే ఉంది. దానిని తీయమని పెద్దాయనా అనలేదు, నేనూ అనలేదు. ఆ మనిషి సత్యమేమిటో కాలమే చెప్పాలి; రుజువు లేకుండా ఒకరిని దొంగ అనటం ఎంత పాపమో, రుజువయ్యాక కూడా వెనకేసుకు రావటం అంత తప్పు.

తలిదండ్రులకు ఒక్కమాట మనవి. మీ పిల్లలు ఆటలలో పైకి వస్తుంటే సంతోషించండి. ఎంతసేపు తొక్కాడు, ఎన్ని పతకాలు తెచ్చాడు అని అడగటంతో సరిపెట్టుకోక, ఏం తింటున్నాడు, అది ఎవరిచ్చారు, చీటీమీద ఏముంది అని కూడా అడగండి. జ్వరానికీ దగ్గుకూ వేసే మందునైనా, డాక్టరుకు వీడు పోటీలలో పాల్గొంటాడని చెప్పి మరీ రాయించుకోండి. పిల్లవాడు ఒక పందెం ఓడి ఇంటికి వస్తే, ఆ పూట అన్నం పెట్టి ఊరుకోండి. ఓడిపోయినా ఇంట్లో తన విలువ తగ్గదని తెలిసిన పిల్లవాడికి ఆ డబ్బా మూత తీయవలసిన అవసరం అంతగా కలగదు.