మీకు తెలుసా? టోస్టర్ మీద ఎడారి దారులు

ఆస్ట్రేలియా కంపెనీ బ్రెవిల్ 2022లో టోస్టర్లు, కెటిళ్లు, కాఫీ మెషిన్ల మీద ఆదివాసీ చిత్రాలు వేయించి అమ్మకానికి పెట్టింది. గీసినవారిలో వార్లింపిర్న్‌గా త్జపల్‌త్జారి, యుకుల్‌త్జి నపంగాటి, యాల్టి నపంగాటి పింటుపి తెగవారు. 1984 దాకా వీళ్లు పశ్చిమ ఎడారిలో బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా బతికారు. పైకి చుక్కలూ గీతలే, కానీ వాటి వెనక నీటి చెలమలు, ఇసుక తిన్నెలు, పూర్వీకులు నడిచిన దారులు ఉంటాయి. ఏ చోటి కథను ఎవరు గీయాలో పుట్టుకను బట్టి తేలుతుంది. అందుకే ఆ బొమ్మ అలంకారం కన్నా భూమి మీది హక్కుపత్రానికే దగ్గర.

మన గోదావరి ఏజెన్సీ కోయల పడిగె కూడా ఈ కోవదే. వంశం పుట్టుకనూ ఇలవేల్పులనూ బొమ్మల్లో చూపే ఆ గుడ్డను ముందుంచుకుని డోలి కళాకారులు కథ పాడతారు. దాన్ని మిక్సీ మీదో ఫ్రిజ్ తలుపు మీదో అచ్చేస్తే కళకు పేరూ, వాళ్లకు నాలుగు డబ్బులూ వస్తాయిగా అనవచ్చు. డబ్బు మాట కొట్టిపారేయలేం. బ్రెవిల్ కూడా ఆ సరుకు మీద లాభమంతా ఆదివాసీ కార్యక్రమాలకే ఇస్తామంది. అయితే అక్కడ గీసినవారి పేరుంది, ఒప్పుదల ఉంది. జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు చాలదా అంటే, 2009లో అది దక్కిన ఉప్పాడ జాందానీనే చూడండి: ఊరి పేరుకూ నేతకూ రక్షణ దొరికింది. ఒక వంశపు కథను ఎవరు వాడుకోవచ్చో మాత్రం జీఐ చెప్పదు, అది దాని పనీ కాదు. ఇక పోలవరం ప్రాజెక్టు ముంపులో నేలే పోయిన కోయల విషయంలో, కథ మీద మాట వాళ్లదేనని ముందే రాసుకోకుండా అచ్చు మొదలుపెట్టడం ఏ లెక్కన చూసినా అన్యాయమే.