మూతల జరీ... రాగి తీగల నేత!

దూరం నుంచి చూస్తే గోడంతా పరిచిన పట్టుచీరే! బంగారు జరీ, ఎర్రటి అంచు, మధ్యలో నలుపు గళ్లు. దగ్గరికెళ్తే మాత్రం... అన్నీ మందు సీసాల మూతలు. ఎల్ అనాట్సుయ్ కళను మొదటిసారి చూసేవాళ్లు ఇలా బోల్తాపడాల్సిందే.

అనాట్సుయ్ 1944లో ఘనాలోని అన్యాకోలో పుట్టారు. 32 మంది సంతానంలో ఆఖరివాడు. నాన్న, అన్నలు 'కెంటె' అనే రంగురంగుల బట్ట నేసేవారు. ఆయన మాత్రం మగ్గం జోలికి వెళ్లలేదు. కుమాసిలో శిల్పకళ చదివారు. అక్కడ నేర్పిందంతా పాశ్చాత్య పద్ధతే. అది రుచించక బజారుకెళ్లారు. సరుకులు పెట్టి అమ్మే గుండ్రటి చెక్క పళ్లేలు తెచ్చి, కాల్చిన ఇనుప కడ్డీలతో వాటిమీద బొమ్మలు వేశారు. 1975లో నైజీరియాలోని న్సుక్కా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరాక పగిలిన కుండల్నీ వదల్లేదు.

అసలు మలుపు 1998లో. ఊరి బయట ఎవరో పారేసిన సంచి కనిపించింది. నిండా అల్యూమినియం మూతలు! స్టూడియోకి తెచ్చారుగానీ ఏం చేయాలో తోచలేదు. నెలల తరబడి అవి అక్కడే పడి ఉన్నాయి. చివరికి వాటిని సాగగొట్టి, మడిచి, చిల్లులు పెట్టి, ఒకదానికొకటి రాగి తీగతో కట్టడం మొదలుపెట్టారు. ఒక్కో తెరకు వేల మూతలు. స్థానిక కుర్రాళ్లు పదులమంది కూర్చుని ముక్కలు ముక్కలుగా అల్లుతారు. వాటిని నేలమీద పరిచి, అటూఇటూ జరిపి, ఏది ఎక్కడ కలవాలో తేల్చేది మాత్రం ఆయనే. వదిలేసిన మగ్గం మరో దారిలో ఆయన్ని చేరిందన్నమాట!

సోడా మూతలైతే ఇంత కథ ఉండేది కాదు. ఆఫ్రికా తీరానికి ఐరోపా వర్తకులు తెచ్చిన సరుకుల్లో మద్యం ఒకటి. దాన్నిచ్చి బానిసల్నీ కొన్నారు. ఆ బానిసల్ని ఓడల్లో అమెరికా ఖండాలకు తరలించారు. మూడు ఖండాల్నీ కలిపే ముడి ఆ మూతలోనే ఉందంటారు అనాట్సుయ్. అందుకే వాటిమీది బ్రాండు పేర్లనూ చెరిపెయ్యరు.

ఇంకో విచిత్రం... ఈ శిల్పాలకు స్థిరమైన ఆకారం లేదు. చీరలా మడతపెట్టి పెట్టెలో సర్దెయ్యొచ్చు. ఎలా వేలాడదీయాలి, కుచ్చిళ్లు ఎక్కడ రావాలి అన్నది మ్యూజియం సిబ్బంది ఇష్టం. తన పనిలో ఇతరుల్ని వేలు పెట్టనిచ్చే కళాకారులు ఎంతమంది ఉంటారు?

2007లో వెనిస్ బినాలేలో ఓ పాత భవనం ముందు భాగమంతా ఆయన తెర కప్పేసింది. 63 ఏళ్ల వయసులో ప్రపంచమంతటా పేరు మోగిపోయింది. 2015లో అదే వేదిక జీవన సాఫల్యానికి గోల్డెన్ లయన్ ఇచ్చింది. 2023 అక్టోబరులో లండన్ టేట్ మోడర్న్‌లోని టర్బైన్ హాల్లో ఆయన ప్రదర్శన మొదలైంది. లోపలికి అడుగుపెట్టినవారికి ముందుగా ఎదురైంది, గాలికి ఉబ్బిన ఓడ తెరచాపలాంటి ఎర్రటి తెర. అదీ మందు మూతలదే.