రాత్రి ఎనిమిదిన్నర వేగం

జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలంలో ఇంటర్నెట్‌కు అసలు పరీక్ష రాత్రి ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఎందరో. మనకంటే దుబాయ్ గంటన్నర, సౌదీ రెండున్నర గంటలు వెనక. వాళ్లు డ్యూటీ దిగి, రూముకు చేరి, ఇంటికి వీడియో కాల్ చేసే వేళకే ఇక్కడ సీరియళ్లు, యూట్యూబ్, పిల్లల పాఠాలు అన్నీ నడుస్తుంటాయి. కొడుకు ముఖం తెరమీద నిలిచిపోతే తల్లి తన ఫోనే పాడైందనుకుంటుంది. కానీ ఇలాంటి చోట్ల లోపం తరచుగా ఊరికి బయటి నుంచి వచ్చే లైన్‌లో ఉంటుంది. ఇళ్లలో కనెక్షన్లు పెరిగినంతగా ఆ లైన్ సామర్థ్యం పెరగదు.

ఈ తేడా ఎలా వచ్చిందో చూద్దాం. అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న దేశంలో ఇంటర్నెట్ సేవ మొదలుపెట్టింది. 1998లో ప్రైవేటు సంస్థలకూ దారి తెరిచారు. 2016లో జియో రాకతో డేటా చవకైంది, వీడియో చూడటం నిత్యకృత్యమైంది. కేబుల్ టీవీ ఆపరేటర్లు కూడా పెద్ద సంస్థల దగ్గర బ్యాండ్‌విడ్త్ కొని ఇళ్లకు ఫైబర్ లాగారు. వాళ్లకు కొత్త కనెక్షన్ వస్తే ఆదాయం, వెనక లైన్ పెంచితే ఖర్చు. ప్రభుత్వ లెక్కా చిన్నదే. తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారిన 2011 నాటి పథకం పంచాయతీకి 100 ఎంబీపీఎస్ అనుకుంది. ఒక హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్ చొప్పున అది ఇరవై ఇళ్లకే సరిపోతుంది.

అందరూ ఒకేసారి వాడరు, పంచుకుంటేనే చవక అంటారు ఆపరేటర్లు. పగటిపూట ఆ మాట నిజమే. గల్ఫ్ గడియారం మాత్రం ఈ ఊళ్లవాళ్లందరినీ ఒకే గంటలో కూర్చోబెడుతుంది. చేతిలో 4జీ, 5జీ ఉండగా ఫైబర్ ఎందుకన్నది మరో ప్రశ్న. టవర్‌ను కూడా ఊరంతా పంచుకోవాలి, దాని వెనకా గట్టి లైన్ ఉండాలి.

మిషన్ భగీరథ తాగునీటి పైపుల కందకాల్లోనే రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్ తీగ వేయడం తెలివైన పని, మళ్లీ తవ్వే ఖర్చు తప్పింది. కానీ మట్టిలో ఉన్న తీగతో ఇంట్లో కాల్ కలవదు. 2024 డిసెంబరులో ఇంటింటి సేవ ప్రయోగాత్మకంగా మొదలైంది నాలుగు గ్రామాల్లోనే, పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ అందులో ఒకటి. సవరించిన భారత్‌నెట్‌కు 2023లో కేంద్రం 1.39 లక్షల కోట్లు ఆమోదించింది. ఒకచోట తీగ తెగినా మరోవైపు నుంచి సేవ అందేలా రింగు పద్ధతిలో పంచాయతీలను కలపాలన్నది అందులోని మేలైన మార్పు.

కొత్త కనెక్షన్ తీసుకునేవారు ప్యాకేజీ మీది అంకె చూసి ఊరుకోకండి. ఊరికి వచ్చే బ్యాండ్‌విడ్త్ ఎంత, దాన్ని ఎన్ని ఇళ్లు పంచుకుంటున్నాయి, రాత్రి ఎనిమిదిన్నరకు వేగం ఎంత అని ఆపరేటర్‌ను అడగండి. భారత్‌నెట్ రింగు మన ఊరికి ఎప్పుడొస్తుందని గ్రామసభలోనూ అడగండి.